పాత జీపూ, కొత్త మోకాళ్ళూ

మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి మా వీధి చివరి ఇంటికి వెళ్ళాను. గేటు తీసి లోపలికి అడుగు పెట్టబోతే దారికి అడ్డంగా టార్పాలిను కప్పిన ఏదో ఆకారం. ఆ ఇంటావిడ పరుగెత్తుకొచ్చి, "అటు కాదు పిన్నిగారూ, ఇటు పక్కనుంచి రండి, చీరకి గ్రీజంటుకుంటుంది" అంది. పక్కనుంచి వెళదామంటే అక్కడ రెండు టైర్లూ, ఒక గేరుపెట్టే. కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, గోడ ఆసరాతో ఎలాగో వసారా చేరాను.

పసుపు రాయించుకుంటూ అడిగితే తేలిందేమిటంటే, అది 1970 నాటి జీపుట. ఆయన బాగు చేయిస్తున్నారుట. నాలుగేళ్ళనించీ బాగవుతూనే వుందిట. ఆవిడ చెప్పడం పూర్తవకుండానే అవతలి మూలనుంచి ఇంకొకావిడ "మా బావగారికీ వుందమ్మా ఈ పిచ్చి" అంది. శనగలు పంచేలోగా లెక్క తేలింది. వచ్చిన పదకొండు మందిలో ముగ్గురి ఇళ్ళలో పాత జీపులున్నాయి. నాలుగోది మా ఇంట్లో.

అందుకని ఈ సంగతి మీద నోరు విప్పదలుచుకున్నాను. మగవాళ్ళు చదివితే చదవనీండి.

ముందుగా ఒక మాట. మావారు దీన్ని "బాగు చేయించడం" అనరు. "రెస్టొరేషన్" అంటారు. తేడా వుందండోయ్. బాగు చేయించడానికైతే రెండు వేలు అడగడానికి కూడా మొహమాటపడాలి. రెస్టొరేషనైతే రెండు లక్షలు దర్జాగా అడగచ్చు.

మావారు 2019లో రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బులో ఇంటి అప్పు తీర్చగా, అమ్మాయికి పెట్టింది పోగా, మిగిలినదాన్ని ఇద్దరం కూచుని నోటుపుస్తకంలో మూడు వాటాలుగా రాసుకున్నాం. ఒక వాటా బ్యాంకులో డిపాజిట్టు. ఒకటి డాబా కారుతోంది కనక ఇంటి మరమ్మతులకి. మూడోది నా మోకాళ్ళకి. అప్పటికే డాక్టరుగారు ఎక్సరే చూసి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయనీ, కుడిదాన్ని ముందు మార్చేస్తే మంచిదనీ చెప్పారు. "ఇప్పటికిప్పుడు ప్రాణం మీదికొచ్చేదేమీ కాదు, మీకు వీలు చూసుకోండి" అని కూడా అన్నారు. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది. ప్రాణం మీదికి రానిది ఏదైనా సంసారంలో వెనక్కి జరపడానికి వీలైనదే కదా!

ఆ ఏడే మిర్యాలగూడ దగ్గర ఒక రైసుమిల్లు వెనక, తుమ్మచెట్టు కింద, మావారికి ఈ జీపు కనిపించింది. సిజె-3బి అంటారు దాన్ని. బానెట్టు మిగతా జీపులకన్నా కొంచెం ఎత్తుగా వుంటుంది. లోపలి ఇంజను పొడుగు కనక పైమూత కూడా ఎత్తు పెంచాల్సొచ్చిందిట. (చూశారా, నాకు కూడా ఎంత చదువు అబ్బిందో!) నేను చూసినప్పుడు ఆ ఎత్తు బానెట్టు కింద కోడి గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది. వెల అరవై అయిదు వేలు. "ఏమోయ్, కొత్త కారు కొనే డబ్బులో పదో వంతు కూడా కాదు" అన్నారు మావారు. కోడిని లేపి బండిని లారీ ఎక్కించారు.

ఆ తరవాత మొదలైంది అసలు కథ. షెడ్డులో ఉస్తాద్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, స్క్రూడ్రైవరుతో నేలరేకుని పొడిచాడు. అవతలికి దిగబడింది. టింకరింగుతో మొదలైంది. ఇంజను విప్పాక తెలిసింది, మిల్లుగారు ఎప్పుడో పెట్రోలు ఖర్చు పడలేక అసలు ఇంజను పీకేసి డీజిలు ఇంజను బిగించుకున్నారని. నన్నడిగితే ఆయన చేసింది చాలా తెలివైన పని. పనికొచ్చే బండికి చవగ్గా నడిచే ఇంజను పెట్టుకున్నాడు. కానీ మావారి మొహం చూడాలి, పెళ్ళికూతురికి పళ్ళు కట్టుడు పళ్ళని తెలిసినట్టయిపోయింది. "ఒరిజినల్ కాదు" అన్నారు. ఇక ఒరిజినల్ ఇంజను వేట. దొరికింది. దానికి బోరింగు, పిస్టన్లు, రింగులు. ఢిల్లీ కాశ్మీరీ గేటునుంచి పార్సిళ్ళ మీద పార్సిళ్ళు. మా అమ్మాయి పెళ్ళిలో కూడా పోస్టుమాను మా ఇంటికి అన్నిసార్లు రాలేదు. తరవాత గేరుపెట్టె. తరవాత కమాను పట్టీలు. తరవాత అయిదు టైర్లు. కాన్వాసు టాపు. ఆర్‌సీ పుస్తకంలో ఇంజను నంబరు మార్పించడానికి తిరిగిన తిరుగుళ్ళకి ఆటో ఖర్చులు నేను వేరే రాశాను.

ఇక రంగు సంగతి చెప్పాలి. మిలిటరీ జీపులా వుండాలని ముచ్చటపడి ఆలివ్ గ్రీన్ వేయించారు. మూడు కోట్లు. ఎండలో నిగనిగలాడుతుంటే వీధి పిల్లలంతా సెల్యూట్లు కొట్టారు. వారం తిరక్కుండా మావారి స్నేహితుడొకాయన, సైన్యంలో చేసి వచ్చినాయన, చూసి నవ్వి "ఇది రోడ్డెక్కితే పట్టుకుంటారు" అన్నాడు. నిజమే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం రక్షణశాఖ బళ్ళకి తప్ప ఇంకెవరి బండికీ ఆలివ్ గ్రీన్ వెయ్యకూడదు. మొత్తం గీకించి, మళ్ళీ పుట్టీ పెట్టించి, బూడిదరంగు వేయించారు. నా పుస్తకంలో "రంగు" అని రెండుసార్లు వుంటుంది, అందుకే.

ఈ అయిదేళ్ళలో కొన్న ధర కాక అయింది ఆరు లక్షల ఎనభై వేలు. నా మాట నమ్మక్కర్లేదు, రసీదులన్నీ బియ్యం డబ్బా పక్కన సంచీలో వున్నాయి.

ఇంతా చేసి, చరిత్రని కాపాడుతున్నామంటారు! నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. జీపు చరిత్ర వీళ్ళొక్కళ్ళకే తెలిసినట్టు మాట్లాడతారు. నాకూ తెలుసు. 1940లో అమెరికా సైన్యం తేలిగ్గా వుండే నాలుగు చక్రాల బండి కావాలని తొందరపడితే, బాంటం అనే చిన్న కంపెనీ నమూనా తయారుచేసింది. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కీ, ఫోర్డుకీ వెళ్ళాయి. యుద్ధం ముగిసేలోగా ఇద్దరూ కలిసి ఆరు లక్షలకు పైగా చేసిపడేశారు. (కని పెంచింది ఒకరు, పేరు ఇంకొకరికి. ఈ సంగతి చదివినప్పుడు ఆ బాంటం కంపెనీ ఆడదై వుంటుందనిపించింది.) అందం కోసం చేసింది ఒక్కటీ లేదందులో. తలుపులు లేవు, మెత్త లేదు. బురదలో, గుట్టల్లో పని జరగాలి, అంతే. 1940ల చివర్లో మహీంద్రావాళ్ళు బొంబాయిలో విల్లీస్ భాగాలు తెప్పించి బిగించడం మొదలెట్టాక మనదేశంలోనూ అది పనిమనిషిలాగే బతికింది.

మన ఊళ్ళ సంగతే చూడండి. 1959లో పంచాయతీ సమితులొచ్చాయి. అప్పటినుంచి 1980ల నడుమ మండలాలొచ్చేదాకా జీపంటే సమితి జీపే. బీడీవోగారు దిగారంటే ఊళ్ళో ఏదో జరగబోతోందన్నమాట. ఎర్ర త్రికోణం బొమ్మ వేసుకుని, మైకు పెట్టుకుని కుటుంబ నియంత్రణ జీపొచ్చేది. దాన్ని చూసి మా అమ్మమ్మ తలుపేసుకునేది. నేను 1968లో పుట్టాను. ఇంట్లో మంత్రసాని వల్లకాదని చేతులెత్తేస్తే, ఊళ్ళోకి ఏదో పనిమీద వచ్చిన సమితి జీపు వెనకసీటు మీద బొంత పరిచి మా అమ్మని తాలూకా ఆస్పత్రికి తీసుకెళ్ళారుట. వాగు దాటాల్సొచ్చిందిట. ఇంకే బండయినా ఆ వాగులో ఆగిపోయేదని మా నాన్న చచ్చిపోయేదాకా చెప్పేవాడు. జీపంటే నాకు గౌరవం లేదని ఎవరూ అనకండి. నేను భూమ్మీద వుండటానికి అది కారణం.

మరి ఆ పని ఇవాళ ఏ జీపు చేస్తోంది? పాడేరు కొండల్లో దారిలేని గూడేల్లోంచి నిండు చూలాలిని డోలీ కట్టి మోసుకొచ్చారని ఇప్పటికీ పేపర్లో చదువుతూనే వున్నాం. రోడ్డు లేనిచోట వెళ్ళడానికి పుట్టిన బండేమో నగరంలో సిమెంటురోడ్డు పక్కన, మల్లెపందిరి పీకించి వేసిన షెడ్డులో, ఆదివారం ఆదివారం షాంపూ స్నానం చేస్తోంది. "ఇది అన్యాయమైన పోలిక, నా జీపు అమ్మేస్తే పాడేరులో రోడ్డు పడుతుందా?" అన్నారు మావారు. పడదు. ఒప్పుకుంటాను. కానీ చరిత్ర పేరెత్తారు కనక ఎత్తిచూపాను. చరిత్ర ఆ వాగులో వుంది గానీ బానెట్టు మీది మెరుపులో లేదు.

పైగా చట్టం కూడా వీళ్ళ చరిత్రని మరీ అంత నమ్మినట్టు లేదు. 2021లో కేంద్రం పాతకాలపు బళ్ళకి ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు నిండాలి. చాసిస్సూ, బాడీ, ఇంజనూ పెద్దగా మార్చకుండా మొదట్లో వున్నట్టే వుండాలి. కొత్తగా రిజిస్ట్రేషనుకి ఇరవై వేలు. అన్నీ అయ్యాక ఆ బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించుకోడానికో, మరమ్మతుకో వెళ్ళచ్చు. అంటే కూరలకి కూడా పనికిరాదన్నమాట! ఇక ఒక బండి ముక్కూ ఇంకో బండి మూతీ అతికించి "రెస్టోర్డ్" అని అమ్మేవి సరేసరి. కంపెనీ చేసిన తీరు మార్చేసిన బళ్ళు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. లక్షలు పోసి కొనేముందు చాసిస్ నంబరు కాగితాలతో సరిచూసుకోమని మీ ఇంట్లో ఎవరైనా ముచ్చటపడుతుంటే చెప్పండి. నామాట విన్నట్టు కాకుండా మీమాటగా చెప్పండి, వింటారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఒకసారి నేనూ దాన్లో వెళ్ళాను. 2023లో తొలకరి పడ్డాక, తెల్లవారుజామున, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి. ఎక్కడానికే పావుగంట పట్టింది. మెట్టు లేదు, నా మోకాలు వంగదు. చివరికి మావారు పాలక్యాను బోర్లించి దానిమీద నిలబెట్టి ఎక్కించారు. సిటీ దాటాక ముందద్దం మడిచి బానెట్టు మీదికి వాల్చారు. అబ్బ! ఏమని చెప్పను! తడిమట్టి వాసన, చెట్ల మీంచి రాలే చినుకులు, గాలి తిన్నగా మొహానికి. కారులో కూచుంటే దారిని సినిమాలా చూస్తాం. ఇందులో దారిలోనే వుంటాం. ఇంజను కూడా ఏం దాచుకోదు. ఎక్కడేం కదులుతోందో తెలుస్తుంది, చెడితే ఏది చెడిందో కనిపిస్తుంది. ఇవాళ్టి కార్లలో ఏదో దీపం వెలుగుతుంది, మెకానిక్కు కంప్యూటరు తగిలించి చూసి పెదవి విరుస్తాడు. మావారు అలా కాదు, రోడ్డు పక్కన ఆపి, పానాతో ఏదో బిగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూచున్నారు. ముప్ఫయ్యేళ్ళు ఆఫీసులో సంతకాలు పెట్టిన మనిషి, తన చేత్తో ఒక వస్తువు నడిపించానని అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. రిటైరయిన మొదటి ఆరు నెలలూ ఆయన గోడకేసి చూస్తూ కూచునేవారు. ఆ షెడ్డు ఆయనకి స్నేహితుల్నిచ్చింది. ఉస్తాద్ రంజానుకి సేమ్యా పంపిస్తాడు, మేం సంక్రాంతికి అరిసెలు పంపిస్తాం. కాదనను. కానీ సోదరీమణులారా, మనకి కూడా ఒంటరితనం వస్తుంది కదా. దానికి మనం కొనుక్కునేదేమిటి? గుళ్ళో భజనకి చందా యాభై రూపాయలు. లైబ్రరీకి వంద. అదీ అడిగి, లెక్క చెప్పి.

మళ్ళీ కొండనించి దిగేటప్పుడు నా గుండెలు నోట్లోకొచ్చాయి. బెల్టులు లేవు, తలకి ఆనుకునే దిళ్ళు లేవు, పైన ఇనపచట్రం లేదు. నాలుగు చక్రాలకీ పాతకాలపు డ్రమ్ము బ్రేకులు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 80 అంగుళాలు, అదీ ఎత్తుగా నిలబడ్డ బండి. మలుపులో ఒళ్ళు మరిస్తే పల్టీ కొట్టేస్తుంది. పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో తెలుసా? డ్రైవరు సీటు కింద! దాంట్లో మనవణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని రింగురోడ్డు ఎక్కుతానంటారు. కొత్త కారులో బెల్టు పెట్టుకోకపోతే కూతుర్ని కోప్పడే మనిషే! పాత బండి కనక ప్రమాదం కూడా పాతకాలంలోకి వెళ్ళిపోతుందనుకుంటారో ఏమో. మనవడి విషయంలో మాత్రం నేను ససేమిరా అన్నాను, ఇప్పటికీ అదే మాట.

ఖర్చు బాగుచేయడంతో తీరుతుందని కూడా భ్రమపడకండి. లీటరు పెట్రోలు నూరు దాటింది, ఇది ఆవురావురుమని తాగుతుంది. ఇప్పుడొచ్చే పెట్రోల్లో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలుస్తోంది కదా, అది ఆనాటి రబ్బరు పైపులకీ వాషర్లకీ పడదు. కార్బరేటరు మూడుసార్లు విప్పారు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. పాతవాటిని పారెయ్యకూడదు, బాగుచేసి వాడుకోవాలి అంటారు మావారు. ఎంత మంచిమాట! అయితే మా అత్తగారి రుబ్బురోలు ఏమైంది? పెరట్లో జీపు షెడ్డుకి పునాది కింద వుంది. పెళ్ళికి మా నాన్న కొనిచ్చిన కుట్టుమిషను, నేను ఇరవయ్యేళ్ళు ఇంటిల్లిపాదికీ కుట్టిన మిషను, బెల్టు తెగి, చక్రం బిగుసుకుపోతే, "ఎవరు వాడతారు ఇప్పుడు, చోటు దండగ" అని పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. మూడొందలొచ్చింది. దానికి ఒరిజినల్ పార్టులు ఎవరూ వెదకలేదు. ఢిల్లీనుంచి పార్సిలు రాలేదు. పాతదై పోతేనే విలువ పెరిగేటట్టయితే, ముందు ఆ మిషనుకి పెరగాలి. కాదు, ఏది పాతబడితే ముచ్చట, ఏది పాతబడితే చెత్త అని తేల్చే హక్కు ఇంట్లో ఒక్కరి చేతిలోనే వుంది. నా పోట్లాట దాని గురించి.

నా మోకాలు కూడా 1968 మోడలే మరి. దానికీ ఒరిజినల్ పార్టులు దొరకవు. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కృత్రిమ మోకాళ్ళ ధరలకి హద్దు పెట్టింది. మామూలు కోబాల్టు క్రోమియం రకానికి 54,720 రూపాయలు, పన్ను అదనం. ఆస్పత్రి ఖర్చులు వేరనుకోండి. అయినా అన్నీ కలిపినా ఆ జీపు ఇంజనుకీ గేరుపెట్టెకీ అయిందానికన్నా తక్కువే. ఈ అయిదేళ్ళలో జీపు ముందు చక్రాల దగ్గర అరిగిన బేరింగులు మార్చారు, కమాన్లు మార్చారు. ఎక్కి కూచుంటే ఇప్పుడు కిర్రుమనదు. నేను కూచుని లేస్తే మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది.

ఎవరూ నన్ను వద్దనలేదు. అదే గమ్మత్తు. "టైర్లు అయిపోనీ, తరవాత నీదే" అన్నారు. "రంగు అయిపోనీ" అన్నారు. నేను సరేనన్నాను. ఆ సరేనన్నది నేనే కనక తప్పులో సగం నాదే. నొప్పికి అలవాటుపడటం గొప్పతనమని మనకి చిన్నప్పటినించీ నేర్పారు, రెండు నూనెచుక్కలు రాసుకుని పనిలో పడిపోతాం. బండికి ఆ సుగుణం లేదు. నొప్పి పుడితే అది కదలదు, కదలదు గాక కదలదు. అందుకే దానికి వెంటనే వైద్యం జరుగుతుంది.

పేరంటంనుంచి వచ్చిన రాత్రి నేను నోటుపుస్తకం తీశాను. ఇన్నాళ్ళూ జీపు ఖర్చులు పాల లెక్కలో, కరెంటు బిల్లులో, చిల్లరమల్లరలో కలిసిపోయి వుండేవి. అన్నీ ఏరి, ఒక కొత్త పేజీ మొదలెట్టి, పైన "జీపు" అని రాసి, కింద మొత్తం వేసి ఆయన కాఫీకప్పు పక్కన పెట్టాను. దాని ఎదుటి పేజీ మీద "మోకాళ్ళు" అని రాసి ఖాళీగా వదిలేశాను. ఆయన చాలాసేపు రెండు పేజీలూ చూశారు. "ఇంతయిందా?" అన్నారు. నిజంగానే తెలీదు పాపం. వెయ్యీ రెండువేలూగా పోతే మగవాళ్ళకి లెక్క తెలియదు. అందుకే లెక్క మనం రాయాలి. పోట్లాడక్కర్లేదు, పేజీ తెరిచి పెడితే చాలు. ఇకనుంచి మా ఇంట్లో ఆ పేజీలో అయిదువేలు దాటిన అంకె ఏది పడాలన్నా కింద ఇద్దరి సంతకాలుండాలి. బ్యాంకులో పనిచేసిన మనిషి కనక సంతకాల గురించి ఆయన వాదించలేదు.

కార్తీకంలో ఆపరేషన్‌కి రోజు ఇచ్చారు. చెప్పినప్పట్నించీ మావారు మహా హుషారుగా వున్నారు. నిన్న సాయంత్రం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఆ రోజు నిన్ను మన జీపులోనే ఆస్పత్రికి తీసుకెళతానోయ్, మీ అమ్మని తీసుకెళ్ళినట్టు" అన్నారు.

ఆటో మాట్లాడమన్నాను.